జిజ్ఞాసకు ఎల్లలు ఎక్కడ? తెలుగు వచనం చెప్పిన సమాధానాలు

పిల్లవాడు వరుసగా ప్రశ్నలు వేస్తుంటే తెలుగు ఇళ్లలో వినిపించే మాటలు రెండు. ఒకటి ‘యక్షప్రశ్నలు’, రెండవది ‘అధికప్రసంగం’. మొదటి మాట పుట్టుకను గుర్తుచేసుకుంటే ఈ వాడుకలోని విడ్డూరం తెలుస్తుంది. భారతంలో యక్షుని ప్రశ్నను లక్ష్యపెట్టక నీరు త్రాగిన నలుగురు తమ్ములూ మడుగు గట్టున పడిపోయారు. ఓపికగా నిలిచి సమాధానం చెప్పిన ధర్మరాజు వారిని బ్రతికించుకున్నాడు. ప్రాణం పోసిన ఒక సంవాదం పేరు మన నోట విసుగుకు మారుపేరు అయింది.

పెద్దల విషయంలో మన తీరు దీనికి పూర్తిగా భిన్నం. రైలు పెట్టెలో ఎదుట కూర్చున్న అపరిచితుణ్ణి ‘మీదే ఊరు, ఇంటిపేరేమిటి, మీరేవుట్లు, జీతమెంత, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా’ అని అడిగితే అది కలుపుగోలుతనం అనిపించుకుంటుంది. ఆకాశం నీలంగా ఎందుకుందని అడిగిన పిల్లవాడు అధికప్రసంగి. సాటి మనిషి కులం అడిగిన పెద్దవాడు మర్యాదస్థుడు. హద్దు అవసరం లేని చోట కంచె వేసి, కంచె ఉండవలసిన చోటును బీడుగా వదిలివేశామన్నమాట. జిజ్ఞాసకు విలువ ఎంత, దానికి ఎల్ల ఎక్కడ అన్న విషయమై మన ప్రాచీన కథలూ, ఆధునిక తెలుగు వచనమూ ఏమి చెప్పాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటలను చూద్దాం. జిజ్ఞాస అంటే తెలుసుకోవాలనే కోరిక. తత్త్వచింతన నుంచి వచ్చిన ఈ మాటకు గౌరవం ఎక్కువ. కుతూహలం నడిమి మెట్టు మీద ఉంటుంది; సంబరమూ వింతా కలిసిన మాట అది. ‘ఆరా’, ‘కూపీ’ అన్నవి క్రింది మెట్టు మాటలు. ఆరా తీసేది సాధారణంగా మనుషుల గురించే; నక్షత్రాల గురించి ఎవరూ ఆరా తీయరు. వస్తువును గురించిన ప్రశ్న వేరు, వ్యక్తిని గురించిన ప్రశ్న వేరు అన్న ఎరుక భాషకు ఎప్పుడో ఉన్నది. ఆచరణలోనే అది చెదిరిపోయింది.

ప్రశ్నకు శిక్ష తల పగలడమే అన్న కల్పన మన వాఙ్మయంలో రెండు చోట్ల ప్రసిద్ధంగా కనబడుతుంది. మొదటిది బృహదారణ్యకోపనిషత్తులోని జనకుని సభ. గార్గి ఒకదాని మీద ఒకటిగా ప్రశ్నలు పేర్చుకుంటూ పోగా, ఇంకా ముందుకు పోతే తల రాలిపోతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. ఈ ఘట్టాన్ని ఇక్కడితో ఆపి, ప్రశ్నించే స్త్రీని నోరు మూయించిన కథగా చెప్పడం పరిపాటి. కాని గార్గి మళ్లీ లేస్తుంది. సభలోని బ్రాహ్మణుల అనుమతి తీసుకుని రెండు ప్రశ్నలు అడుగుతుంది. అవి మొదటివాటికన్నా లోతైనవి. వాటికి సమాధానం పొందుతుంది. నిజంగా తల రాలినది శాకల్యునికి. ఓడించాలన్న పట్టుదలతో ప్రశ్నలు గుప్పించి, తిరిగి తనను అడిగినప్పుడు సమాధానం లేక నిలిచిపోయినవాడు అతడు. రెండింటినీ కలిపి చదివితే ఉపనిషత్తు గీసిన గీత ప్రశ్న లోతుకు అడ్డంగా లేదనీ, అడిగేవాని ఉద్దేశానికి అడ్డంగా ఉందనీ బోధపడుతుంది. కఠోపనిషత్తులోని నచికేతుడు ఇందుకు మరొక సాక్ష్యం. మరణం తరువాత ఏముందన్న అతని ప్రశ్నను మార్చుకోమని యముడు ఏనుగులనూ, సంపదనూ, దీర్ఘాయువునూ ఎర చూపాడు. బాలుడు మారలేదు, యముడు అతణ్ణి మెచ్చుకుని చెప్పాడు. మృత్యువును గురించి మృత్యువునే అడిగిన చిన్నవానికి తల రాలలేదు.

రెండవది బేతాళుని కథ. ఇక్కడ షరతు తలక్రిందులైంది. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. అంటే అడిగేవానికి ఒక హద్దు ఉన్నట్లే తెలిసినవానికి ఒక బాధ్యత ఉన్నది. కథాసరిత్సాగరంలోని ఈ ఇరవై ఐదు కథలకు ముగింపు చాలా గొప్పది. చివరి చిక్కుముడికి రాజు వద్ద సమాధానం లేదు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పక మౌనంగా నడిచాడు. ఆ మౌనానికి మెచ్చి బేతాళుడు కపట భిక్షువు పన్నాగం బయటపెట్టి రాజును రక్షించాడు. ఇరవైకి పైగా సరైన సమాధానాలు చేయలేని మేలు, నిజాయితీ గల ఒక ‘తెలియదు’ చేసింది.

తెలుగు పిల్లలకు బేతాళుడు పరిచయమైనది ముఖ్యంగా 1947లో ఆరంభమైన ‘చందమామ’ ద్వారా. మూల కథలు చాలక కొత్త కథలు అల్లుతూ ఆ శీర్షిక దశాబ్దాలు సాగింది. నెలకొక ప్రశ్నను ఇంటింటికీ చేరవేసిన ఆ సేవ సామాన్యమైనది కాదు. పుట తిప్పే ముందు తమ సమాధానమేమిటో ఆలోచించే అలవాటు కొన్ని తరాలకు అబ్బింది. అయితే ధారావాహిక రూపం వల్ల ఒక లోపమూ ఏర్పడింది. నెలనెలా రాజు సమాధానం చెప్పాలి, బేతాళుడు చెట్టెక్కాలి. సమాధానం లేని చివరి ప్రశ్న పాఠకునికి అందని దూరానికి జరిగిపోయింది. పెద్దవాడికి ప్రతి ప్రశ్నకూ జవాబు తెలిసి ఉంటుందన్న భావమే మనసులో నిలిచింది. ఆ చివరి మౌనం మన బాలసాహిత్యంలో ఇప్పటికీ ఖాళీగా ఉన్న చోటు.

ఆధునిక కాలానికి వస్తే, అణగద్రొక్కిన జిజ్ఞాస ఏమి కాగలదో చూపడానికి భండారు అచ్చమాంబ (1874-1905) జీవితాన్ని మించిన ఉదాహరణ తెలుగులో అరుదు. చిన్ననాడే వివాహమై, భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో జీవించిన స్త్రీ ఆమె. నేటి ఛత్తీస్‌గఢ్, అందులోని భిలాయి ప్రాంతం కూడా నాడు ఆ పరగణాలలోనివే. ఆమెను బడికి పంపినవారు లేరు. తన వద్ద ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పాఠాల ప్రక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషలు అలవరచుకుంది. 1901లో వెలువడిన ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ భారత చరిత్రలోని స్త్రీల జీవితాలను తెలుగులో క్రమంగా కూర్చిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది.

చరిత్ర విద్యార్థి దృష్టితో చూస్తే ఈ గ్రంథంలో లోపాలు కనబడకపోవు. జనశ్రుతికీ ఆధారానికీ మధ్య గీత పలుచోట్ల పలుచన. ఆదర్శం చాటాలన్న తపన కొన్ని జీవితాలను ఒకే మూసలో పోసింది. అయినా ఆమె వేసుకున్న ప్రశ్న అపూర్వం. చదువు స్త్రీని చెడగొడుతుందని అందరూ అంటున్నారు. చదివిన స్త్రీలు, రాజ్యమేలిన స్త్రీలు నిజంగా ఎలా బ్రతికారు? ఈ ప్రశ్నతో ఆమె వెదికినవన్నీ ఇతరుల జీవితాలే. ఇరుగుపొరుగు స్త్రీల మీద ఆరా తీయడాన్ని సహించిన సమాజం, గతించిన స్త్రీల చరిత్ర అడగడాన్ని సాహసంగా భావించింది. ఆరాకూ చరిత్రకూ గల తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. ఆరా ఎదుటివ్యక్తిని చిన్నబుచ్చడంతో తీరుతుంది. చరిత్ర ఆ వ్యక్తికి దక్కవలసిన స్థానం దక్కినప్పుడు తీరుతుంది. గతించినవారు తమ సమ్మతి చెప్పలేరు కనుక వారి పట్ల న్యాయం వహించే భారం అడిగేవారిదే. అచ్చమాంబ ఆ భారం మోసింది. తరువాతి భాగాలను సంకల్పించి కూడా పూర్తి చేయకముందే, ముప్పయ్యేళ్ల ప్రాయంలో మరణించింది.

ఆమె తమ్ముని కథ జిజ్ఞాసకు గల మరొక ఎల్లను చూపుతుంది. లక్ష్మణరావు (1877-1923) 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను నెలకొల్పి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో వ్రాయించాడు. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ ఆరంభించి మూడు సంపుటాలు వెలువరించేసరికి ‘అ’కారాది పదాలే గడిచాయి; ఆయుర్దాయం గడిచిపోయింది. ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు అందుకున్నాడు. సమస్తమూ తెలియాలన్న కోరికకు ఒక మనిషి ఆయువు చాలదు. ఈ ఎల్ల ఎవరో విధించినది కాదు. మరొకరికి అప్పగించడం ద్వారా మాత్రమే దాన్ని దాటగలం. కాబట్టే జిజ్ఞాసకు సంస్థలు కావాలి, గ్రంథాలయాలు కావాలి.

అచ్చమాంబ వలెనే ప్రక్కన కూర్చుని విన్న విద్యతో ఎదిగిన మరొక స్త్రీని భిలాయి ప్రాంతం దేశానికి ఇచ్చింది. భిలాయి సమీపంలోని గనియారీలో 1956లో జన్మించిన తీజన్‌బాయి, తాత చెప్పే భారత కథ వింటూ పాండవానిని పట్టుకుంది. స్త్రీలు కూర్చుని పాడవలసిన కళను పురుషుల వలె నిలబడి, తంబూరాను గదగా త్రిప్పుతూ ప్రదర్శించింది. అందుకు సొంత కులం వెలివేసింది. 2019లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. విన్నదాన్ని విని ఊరుకుంటే వేడుక, తానే చేసి చూడాలనుకుంటే జిజ్ఞాస. శ్రమ తోడైనప్పుడే కుతూహలం విద్యగా మారుతుంది. పిల్లల కుతూహలం విశాలమైనదే కాని క్షణికం. పెద్దలది ఇరుకైనదే కాని నిలకడ గలది. మొదటిదానికి నిలకడ నేర్పడం, రెండవదానికి వైశాల్యం తిరిగి కల్పించడం చదువు చేయవలసిన పని.

బాలల పక్షాన తెలుగులో బలంగా పలికిన గ్రంథం చలం ‘బిడ్డల శిక్షణ’. చలం పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసినవాడు కనుక బడిలోని భయాన్ని దగ్గరగా ఎరుగును. దండన పిల్లవానిని మంచివానిగా మార్చదనీ, పిరికివానిగా మారుస్తుందనీ ఆయన వాదం. భయపడిన పిల్లవాడు ప్రశ్న వేయడు. అందువల్ల జిజ్ఞాసకు మొదటి అవసరం అభయం అన్నది ఆ గ్రంథం నుంచి మనం గ్రహించదగిన సారం. అయితే పిల్లల స్వేచ్ఛను నిలబెట్టడానికే దాని బలమంతా వినియోగమైంది. ఆ స్వేచ్ఛతో ఎదిగినవాడు ఇతరుల ఏకాంతాన్ని ఎలా మన్నించాలన్న తరువాతి పాఠాన్ని చదువరి తానే పూరించుకోవలసి ఉంటుంది.

కొడవటిగంటి కుటుంబరావు (1909-1980) దారి వేరు. భౌతికశాస్త్రం చదివినవాడు, హేతువాది, మార్క్సిస్టు. అటువంటివాడు 1952 నుంచి తుదివరకు ‘చందమామ’కు సంపాదకత్వం వహించి, రాక్షసులూ దయ్యాలూ మాంత్రికులూ నిండిన కథలను తన సరళ వచనంలో పిల్లలకు అందించాడు. దీన్ని వైరుధ్యంగా భావించినవారు ఉన్నారు. సోవియట్ దేశంలోనూ 1920లలో ఈ వివాదం వచ్చింది. జానపద కల్పనలు పిల్లలను వాస్తవానికి దూరం చేస్తాయన్న విద్యావేత్తలను కోర్నేయ్ చుకోవ్‌స్కీ ఎదుర్కొన్నాడు. పిల్లల మాటలనూ ప్రశ్నలనూ ఏళ్ల తరబడి సేకరించి, పిమ్మట ‘రెండు నుంచి అయిదు వరకు’ అన్న పేరుతో ప్రసిద్ధమైన గ్రంథాన్ని 1928లో వెలువరించాడు. లేనిదాన్ని ఊహించగలవాడే ఉన్నదాన్ని ప్రశ్నించగలడన్నది ఈ ఇద్దరి కృషి నుంచి తేలే సత్యం. కుటుంబరావు విజ్ఞాన వ్యాసాలూ, బాలల కథలూ ఒకే కలం నుంచి రావడంలో వైరుధ్యం లేదు.

సోవియట్ ప్రస్తావన భిలాయికి పరాయిది కాదు. 1955 ఒప్పందంతో ఆ దేశ సహాయం లభించి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కర్మాగారం ఇది. యంత్రాలు వచ్చిన ఆ దేశం నుంచే తెలుగులోకి అనువదించిన పుస్తకాలూ వచ్చేవి. వృక్షశాస్త్రవేత్త ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. తెలుగు పాఠకులకూ పరిచయమైన యాకోవ్ పెరెల్మాన్ 1913లో తన వినోద భౌతికశాస్త్ర గ్రంథం వ్రాస్తూ పెట్టుకున్న నియమం గమనార్హం. కొత్త విషయాలు చెప్పడం ఆయన ముఖ్యోద్దేశం కాదు. పాఠకుడు తనకు తెలుసనుకున్న విషయాన్నే కొత్తగా చూసేటట్లు చేయడం. 1991లో సోవియట్ యూనియన్ అంతరించడంతో ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. ఆ ఖాళీని తెలుగులో ఎక్కువగా నింపినవి జనరల్ నాలెడ్జి పుస్తకాలు. వీటిలో సమాధానాలు కొల్లలు. అయితే ఆ ప్రశ్నలు పిల్లవానివి కావు, పరీక్షాధికారివి. ఆకలి లేనివానికి పెట్టిన అన్నం వంటిది అడగని ప్రశ్నకు చెప్పిన జవాబు.

భిలాయి-3, చరోదా ప్రాంతాలలో కర్మాగారంలోనో రైల్వే యార్డులోనో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ సమస్యకు మరొక ముఖం ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేక ఇంగ్లీషు. దల్లీ-రాజహరా గనుల ఎర్రరాయి రైలు పట్టాగా ఎలా మారుతుందని ఇక్కడి పిల్లవానికి సందేహం కలగడం సహజం. ఆ ప్రశ్నకు ఇంట్లో సమాధానం దొరకకపోతే అది బడి భాషలోకి వెళ్లిపోతుంది. క్రమంగా తెలుగు అన్నం వడ్డించే భాషగా, చుట్టాలను పలకరించే భాషగా మిగిలి, ఆలోచించే భాషగా ఉండడం మానేస్తుంది. కొలిమి, తిత్తి, ఉక్కు అన్న మాటలు మనవే. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పారశీక వర్తకులను రప్పించుకున్నది. ఉక్కు ఊళ్లో ఉక్కును గురించి తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు లేకపోవడానికి భాష పేదరికం కారణం కాదు. మన ఓపిక పేదరికం కారణం.

జవాబు తెలియకపోతే ఏమి చేయాలన్న దానికి పొరుగునే ఒక ప్రయోగం జరిగింది. ఛత్తీస్‌గఢ్ విడివడకముందు, 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలైంది. 1982లో ఏర్పడిన ‘ఏకలవ్య’ సంస్థ దాన్ని విస్తరింపజేసింది. పిల్లలు తామే ప్రయోగం చేసి తెలుసుకోవాలి. ఉపాధ్యాయుడు కూడా వారితో పాటు వెదకాలి. ‘నాకు తెలియదు, చూద్దాం రండి’ అనే హక్కు ఉపాధ్యాయునికి దక్కింది. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. బేతాళుని చివరి ప్రశ్న ముందు రాజు పాటించిన మౌనానికి ఇది బడిలోని రూపం. ఆ ప్రయోగం ముప్పయ్యేళ్లు నడిచిందన్నదే దాని సాధ్యతకు నిదర్శనం.

ఇక పెద్దల ప్రశ్నల సంగతి. నలుమూలల నుంచి వచ్చినవారిని సెక్టారు, వీధి, క్వార్టరు సంఖ్యలతో గుర్తించే పారిశ్రామిక నగరంలో ‘మీరేవుట్లు?’ అన్న మాట ఊరు నుంచి మూటగట్టి తెచ్చుకున్న పాత కొలబద్ద. దానికి సమాధానం చెప్పవలసి వచ్చిన మనిషి తన పనితనంతో సంపాదించుకున్న గుర్తింపును ఒక్క క్షణంలో కోల్పోతాడు. తెలుసుకున్నవానికి అదనంగా అబ్బే జ్ఞానం ఏమీ లేదు. ఎదుటివాడు నష్టపోయి, అడిగినవాడు ఏమీ నేర్వని ప్రశ్న జిజ్ఞాస కాజాలదు.

ఉద్యోగ రంగంలో ఉన్నవారికి ఈ వివేచన మరింత అవసరం. ప్రభుత్వం పౌరుని ఎన్నో అడుగుతుంది: పుట్టిన తేదీ, ఆదాయం, నివాసం, కులం. ఆ ప్రశ్నలలో కొన్ని న్యాయమైన పంపిణీకి అవసరమే. అవసరం తీరిన చోట ప్రశ్న ఆగాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు వ్యక్తి గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. మరోవైపు 2005 సమాచార హక్కు చట్టం ప్రభుత్వాన్ని ప్రశ్నించే అధికారాన్ని పౌరునికి ఇచ్చింది. కారణం చెప్పనక్కరలేకుండానే సమాచారం కోరవచ్చునని అందులోని 6వ సెక్షన్ అంటుంది. 8వ సెక్షన్ మినహాయింపులను చెబుతుంది. మన చర్చకు ఈ రెండు సెక్షన్లూ చక్కని నమూనా. అధికారం మీద ప్రశ్నకు కారణం అక్కరలేదు, వ్యక్తి మీద ప్రశ్నకు కారణం కావాలి. ‘ఇదంతా వీడికెందుకు?’ అని దరఖాస్తును చూసి విసుక్కునే అధికారీ, ‘యక్షప్రశ్నలు వేయకు’ అని కసిరే తండ్రీ ఒకే స్వభావం గలవారు. జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుని కర్తవ్యమని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం చెబుతున్నది. కర్తవ్యం పౌరునిది అయినప్పుడు దానికి అడ్డు రాకుండా ఉండడం ప్రభుత్వ సేవకుని కర్తవ్యం కాకపోదు.

అరచేతిలోని తెర క్షణంలో జవాబు చూపే కాలంలో ఇంత వివేచన అవసరమా అన్న సందేహం రావచ్చు. జవాబు చౌకైన కొద్దీ ప్రశ్నను ఎన్నుకునే వివేకం ఖరీదైనదవుతుంది. అదే తెర మీద గ్రహణ కారణాన్నీ తెలుసుకోవచ్చు, అపరిచితుని కుటుంబ కలహాన్నీ తిలకించవచ్చు. రెండింటికీ వ్రేలు కదిపే శ్రమ ఒకటే. భేదం చూపవలసినది చదువు. ఆ చదువుకు దారి తీయవలసినది సాహిత్యం.

గార్గి, నచికేతుడు, బేతాళుడు, అచ్చమాంబ, కుటుంబరావు వేర్వేరు కాలాలవారు. కొందరు కల్పితులు, కొందరు చారిత్రకులు. వారి నుంచి గ్రహించదగిన సూత్రం మాత్రం ఒక్కటే. ప్రకృతిని గురించీ, పుట్టుక చావులను గురించీ, అధికారాన్ని గురించీ అడిగే ప్రశ్నకు వయసు అడ్డు కారాదు. మనిషిని గురించి అడిగే ప్రశ్నకు ఆ మనిషి సమ్మతీ, అడిగేవాని సదుద్దేశమూ కావాలి. ఈ సూత్రాన్ని పిల్లలకు బోధించవలసిన పని అంతగా లేదు. ఎక్కువగా మరచినది పెద్దలే. తెలుగు బాలసాహిత్యం, విజ్ఞాన రచన ఇకనైనా జవాబుల జాబితాలు పెంచడం తగ్గించి, జవాబు లేని ప్రశ్నలను కూడా పిల్లల ముందుంచగలిగితే, వారితో పాటు వెదకడానికి పెద్దలు సిద్ధపడితే, యక్షప్రశ్న అన్న మాటకు దాని పూర్వపు గౌరవం తిరిగి లభిస్తుంది.